సీమ నుంచి విశాఖ సముద్రతీర పార్కుకు: ఇంటిల్లిపాదితో వెళ్లేవారికి సమగ్ర మార్గదర్శి

కడపలోనో, అనంతపురంలోనో, కర్నూలులోనో పుట్టి పెరిగినవాళ్లకు నీళ్లు తెలియక కాదు. కేసీ కాలువలో దూకినవాళ్లు, దిగుడు బావుల్లో ఈత నేర్చినవాళ్లు, తుంగభద్రలో పుష్కర స్నానాలు చేసినవాళ్లు ఇంటికొకరుంటారు. తెలియనిది సముద్రం. కాలువ నీరు ఒకే దిక్కుకు పోతుంది, బావి నీరు కదలకుండా ఉంటుంది. సముద్రపు నీరు ముందుకు తోసి, ఆ వెంటనే వెనక్కి లాగుతుంది. అందుకే ఈత రాని వాళ్లకంటే, వచ్చుననే ధీమాతో దిగేవాళ్ల గురించే ఎక్కువ భయపడాలి.

ముసలివాళ్లు, పసిపిల్లలు ఉన్న కుటుంబం సముద్రం చూడడానికి వెళ్తే ఇసుకలో కాకుండా ఒడ్డునున్న పార్కులో మకాం పెట్టుకోవడం మేలు. పార్కులో నీడ, కూర్చోవడానికి బల్ల, మరుగుదొడ్డి ఉంటాయి. పిల్లలకూ కెరటాలకూ మధ్య కొంత ఎడం ఉంటుంది. అక్కడ సామాను పెట్టుకుని, పెద్దవాళ్లను కూర్చోబెట్టి, వంతులవారీగా సముద్రం దగ్గరికి వెళ్లి రావచ్చు. విశాఖ బీచ్ రోడ్డులో ఇప్పటికీ అందరూ వుడా పార్కు అనే పిలిచే వీఎంఆర్‌డీఏ పార్కు ఇందుకు బాగా పనికొస్తుంది. 2018లో నగరాభివృద్ధి సంస్థ వుడా స్థానంలో వీఎంఆర్‌డీఏ వచ్చినా ఆటోవాళ్లకు పాత పేరే చెప్పండి, తొందరగా అర్థమవుతుంది. ఇంకొంచెం ఉత్తరంగా, కైలాసగిరి కింద తెన్నేటి పార్కు ఉంది. అక్కడ చూపు బాగుంటుంది కానీ, కింద ఒడ్డంతా రాళ్లు. చిన్నపిల్లలున్నవాళ్లు దాన్ని రెండో చోటుగానే పెట్టుకోవాలి.

ఎప్పుడు బయల్దేరాలి

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలు బంగాళాఖాతంలో తుపాన్ల కాలం కూడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదే తీరం దాటింది. కాబట్టి ఆ నెలల్లో టికెట్లు ముందే తీసుకున్నా, బయల్దేరడానికి నాలుగు రోజుల ముందు నుంచి వాతావరణ శాఖ హెచ్చరికలు చూస్తూ ఉండండి. అల్పపీడనం అన్న మాట వినబడితే వాన ఒక్కటే కాదు, కెరటాల ఎత్తు కూడా పెరుగుతుందని అర్థం. విశాఖలో ఎండ కాస్తున్నా సముద్రం మాత్రం రేగి ఉండవచ్చు.

ఎండాకాలం సెలవుల్లోనే వీలైతే ఒక్క సంగతి గుర్తుంచుకోండి. అనంతపురంలో 41 డిగ్రీలు తట్టుకునే మనిషి విశాఖలో 34 డిగ్రీలకే డీలా పడతాడు. మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది, పట్టిన చెమట వెంటనే ఆరి ఒంటిని చల్లబరుస్తుంది. అక్కడి గాలిలో తేమ నిండుగా ఉండటంతో చెమట ఆరదు, కారిపోతుంది. ఒంట్లో నీరు, ఉప్పు పోతాయి కానీ చల్లదనం రాదు. తడి తువాలు నెత్తిన వేసుకునే మన అలవాటు అక్కడ అంతగా పనిచేయదు. ఎండాకాలంలో పొద్దున 9 దాటాక, సాయంత్రం 4 లోపు పెద్దవాళ్లను బయట తిప్పవద్దు.

వారాల విషయానికొస్తే, ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డు కిక్కిరిసిపోతుంది. సోమవారం కుర్సురా జలాంతర్గామి మ్యూజియానికీ, జూకూ సెలవు. మంగళ, బుధ, గురువారాల్లో అక్కడ ఉండేలా చూసుకుంటే సుఖం.

అమావాస్య, పున్నమి రోజుల్లో పోటు (సముద్రం ఒడ్డు మీదికి పెరగడం) బాగా ఎక్కుతుంది, పాటు (వెనక్కి తగ్గడం) బాగా తీస్తుంది. అంటే ఆ రోజుల్లో ఒడ్డు దగ్గర నీళ్ల కదలిక ఎక్కువ. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ప్రతిరోజూ అవి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. కొత్తగా సముద్రం చూసే కుటుంబం పంచాంగం చూసి ఈ తిథులూ, వాటి దగ్గరి రోజులూ వదిలేసి వెళ్తే మంచిది.

రైలు, సామాను

అనంతపురం, గుత్తి, డోన్, నంద్యాల వాళ్లకు ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ నేరుగా విశాఖ చేరుస్తుంది. కర్నూలు వాళ్లు డోన్‌కో నంద్యాలకో వచ్చి ఎక్కితే సరి. కడప వాళ్లకు తిరుపతి, నెల్లూరు, విజయవాడ మీదుగా పోయే తిరుమల ఎక్స్‌ప్రెస్ ఉంది. రెండూ రాత్రి ప్రయాణమే. రిజర్వేషను 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. పండగ సెలవులకు వెళ్లాలంటే తెరిచిన రోజే తీసుకోవాలి. 5 ఏళ్లలోపు పిల్లలకు బెర్తు అక్కర్లేదంటే టికెట్టు లేదు. 5 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకు బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ, వద్దంటే సగం. ఆరేళ్ల పిల్లను పక్కనే పడుకోబెట్టుకుందాంలే అని సగం టికెట్టు తీసుకుంటే రాత్రంతా ఇద్దరికీ నిద్ర ఉండదు, మర్నాడు సముద్రం దగ్గర పిల్ల ఏడుస్తూనే ఉంటుంది. ఆ డబ్బు దగ్గర వెనకాడవద్దు.

మరో జాగ్రత్త. ఉత్తరాదికి పోయే కొన్ని రైళ్లు విశాఖ స్టేషనులోకి రాకుండా దువ్వాడ మీదుగానే వెళ్లిపోతాయి. టికెట్టు మీద దువ్వాడ అని ఉంటే, అక్కడ దిగి నగరంలోకి ఇంకా 15 కిలోమీటర్లకు పైగా రావాలి. మోకాళ్ల నొప్పులున్న అవ్వాతాతలతో ఇది పెద్ద అలసట. రైలు వేరేదైతే టికెట్టు తీసుకునే ముందే చూసుకోండి.

గది దొరికేలోపు సామాను స్టేషను క్లోక్ రూములో పెట్టాలనుకుంటే ప్రతి సంచికీ తాళం ఉండాలి. తాళం లేని సంచులు, గోనె సంచులు, తినుబండారాలున్న బుట్టలు తీసుకోరు. అందుకే తిండి సంచి వేరుగా, చేతపట్టుకునేలా కట్టుకోండి.

నగరంలో తిరగడానికి ఆటోలున్నాయి, సిటీ బస్సులూ ఉన్నాయి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద రాష్ట్ర మహిళలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు ఉచితం. ఆధార్ వంటి గుర్తింపు కార్డు అసలుది దగ్గర ఉంచుకోవాలి.

తిండి: ఏది నిలుస్తుంది, ఏది పాడవుతుంది

రైల్లోకి చింతపండు పులిహోర పెట్టుకోండి. సాయంత్రం చేసింది మర్నాడు పొద్దున దాకా నిలుస్తుంది. అన్నం పళ్లెంలో ఆరబెట్టి, పూర్తిగా చల్లారాక పులుసు కలిపి డబ్బాకు ఎత్తాలి. వేడిమీద మూత పెడితే ఆవిరి నీరై అన్నం పాచిపోతుంది. కొబ్బరి వేసిందీ, ఉల్లిగడ్డ వేసిందీ ఏదైనా రాత్రికే తినేయాలి. ఉగ్గాని కూడా అంతే.

సముద్రపు గాలి మన తినుబండారాలకు శత్రువు. కడపలో వారం రోజులు కరకరలాడే నిప్పట్లు, మురుకులు అక్కడ మూత తీసిపెడితే గంటలో మెత్తబడతాయి. బొరుగులు ఇంకా ముందే సాగుతాయి. పెద్ద డబ్బా ఒకటి కాకుండా చిన్న చిన్న డబ్బాల్లో సర్దండి. ఒక్కో పూటకు ఒక్కో డబ్బా తీస్తే మిగిలినవి బాగుంటాయి. చెనిక్కాయల ఉండలు, ఎండు జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి మాత్రం ఏ గాలికీ లొంగవు. పొద్దున హోటల్లో కొన్న ఇడ్లీలకు ఆ పొడి తోడైతే పెద్దవాళ్లకు నోటికి హితవుగా ఉంటుంది. ఒడ్డు మీద దొరికే ముంత మసాలా, కాల్చిన మొక్కజొన్న కంకి పిల్లలకు తప్పకుండా పెట్టించండి. కోసిపెట్టిన పండ్ల ముక్కలు మాత్రం వద్దు.

ఆరుగురికి నాలుగు గంటలకు 6 లీటర్ల తాగునీళ్లు పట్టుకెళ్లాలి. కాళ్లు కడుక్కోవడానికి విడిగా మరో 2 లీటర్లు. ఓఆర్ఎస్ పొట్లాలు రెండు ఉంచండి. పెద్ద పొట్లం ఒకటి లీటరు నీళ్లకు, పూర్తిగా ఒకేసారి కలపాలి. అర పొట్లం, అర గ్లాసు లెక్కలు వద్దు. పొట్లం లేకపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు ముప్పు.

చేరిన రోజు సాయంత్రం: పార్కు

పొద్దున చేరగానే సముద్రం దగ్గరికి పరుగెత్తవద్దు. స్నానం, భోజనం, రెండు గంటల నిద్ర అయ్యాక సాయంత్రం 4కు పార్కుకు బయల్దేరండి. గేటు దగ్గర టికెట్టుకు చిల్లర ఉంచుకోండి, మూసే వేళ ఎప్పుడో అక్కడే అడగండి. లోపలికి వెళ్లాక ఈ వరుసలో నడవండి.

మొదట మరుగుదొడ్డి, తాగునీటి కుళాయి ఎక్కడున్నాయో చూడాలి. వాటికి వంద అడుగుల లోపల కూర్చునే చోటు ఎంచుకోవాలి. అవ్వ ప్రతి గంటకూ లేవాల్సివస్తే ఈ దూరమే ఆమె సాయంత్రాన్ని నిర్ణయిస్తుంది. తర్వాత గాలి ఎటు నుంచి వస్తోందో చూడండి. పగలు నేల వేడెక్కేకొద్దీ సముద్రం మీది గాలి ఒడ్డుకు వీస్తుంది, సాయంత్రానికి అది జోరుగా ఉంటుంది. గుబురు చెట్ల వెనకవైపు కూర్చుంటే దుప్పటి ఎగరదు, తిండిలో ఇసుక పడదు. కొబ్బరిచెట్ల కింద మాత్రం కూర్చోవద్దు. దుప్పటి నాలుగు మూలలా నీళ్ల సీసాలు పెట్టండి, బరువుకు బరువు, చేతికి అందుబాటు.

తప్పిపోతే కలుసుకునే చోటు ఒకటి ఖాయం చేయండి. "గేటు దగ్గర" అంటే చాలదు, ఏ గేటో, ఏ బొమ్మ పక్కనో పిల్లలను అక్కడికి తీసుకెళ్లి చూపించాలి. పిల్లల ముంజేతి మీద ఫోను నంబరు బాల్ పెన్నుతో రాయండి. పెద్ద పిల్లలకైతే నంబరు నోటికి వచ్చి ఉండాలి.

ఆటవస్తువులు ఎక్కించే ముందు చేత్తో తడిమి చూడండి. ఉప్పుగాలికి ఇనుమును తుప్పు లోపలి నుంచి తినేస్తుంది. పైన రంగు బాగానే ఉన్నా ఊయల గొలుసు కొక్కెం, జారుడుబల్ల అంచు పదునుగా తేలి ఉండవచ్చు. ధనుర్వాతం ఇంజెక్షను పిల్లలకు వేళకు పడిందో లేదో ఇంటి దగ్గరే చూసుకుని బయల్దేరాలి.

సాయంత్రం సముద్రంలో సూర్యుడు అస్తమిస్తాడని చాలామంది ఎదురుచూస్తారు. అది పడమటి తీరంలో. విశాఖలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, సాయంత్రం ఊరి వెనకకు వాలిపోతాడు. పైగా మనకంటే తూర్పున ఉన్న ఊరు కావడంతో అనంతపురం కంటే సుమారు 20 నిమిషాల ముందే చీకటి పడుతుంది. డిసెంబరులో 5 గంటలన్నర లోపే పొద్దు మునుగుతుంది. ఈ సాయంత్రం దూరం నుంచి చూడటమే, నీళ్లలోకి దిగడం రేపు పొద్దున అని పిల్లలకు ముందే చెప్పి ఒప్పించాలి. చీకట్లో కెరటం ఎక్కడ విరుగుతోందో పెద్దవాళ్లకే కనబడదు.

మర్నాడు పొద్దున: సముద్రం

సూర్యోదయం జూన్‌లో 5.20 ప్రాంతంలో, జనవరిలో 6.30 ప్రాంతంలో. దానికి అరగంట ముందే ఒడ్డున ఉండండి. పొద్దున పూట వాకర్ల కోసం బీచ్ రోడ్డులో కొంత భాగానికి వాహనాలు రానివ్వరు. ఆటో కొంచెం దూరంలో ఆపితే తాతను ఎంత దూరం నడిపించాలో ముందే లెక్క వేసుకోండి. పొడి ఇసుకలో నడక మోకాళ్లకు కష్టం, అడుగు కూరుకుపోతుంది. నీరు ఇప్పుడే తీసిన తడి ఇసుక గట్టిగా ఉంటుంది, అక్కడ కర్ర కూడా ఆనుతుంది. చక్రాల కుర్చీ ఇసుకలో కదలదు, దాన్ని కాలిబాట మీదే ఉంచాలి.

బీచ్ రోడ్డు పక్కనే ఉన్న ఆర్కే (రామకృష్ణ) బీచ్ ఒడ్డు కొన్నిచోట్ల మెట్టులా తెగి ఉంటుంది. తీరం వెంబడి దక్షిణం నుంచి ఉత్తరానికి సాగే ఇసుకను విశాఖ ఓడరేవు ఔటర్ హార్బరు గోడలు అడ్డుకోవడంతో ఇక్కడ కోత పడుతుంది. అందుకే తవ్వి తీసిన ఇసుకను ఒడ్డుకు పంపు చేస్తుంటారు. చూడటానికి చదునుగా ఉన్న చోట రెండడుగులు వేస్తే మోకాలి లోతు, ఇంకో రెండడుగులకు నడుము లోతు రావచ్చు. చెరువు గట్టులా మెల్లగా దిగుతుందనుకుంటే పొరపాటు.

దిగే ముందు పది నిమిషాలు నిలబడి నీళ్లను చూడండి. కెరటాలు వరుసగా తెల్లగా విరుగుతూ, మధ్యలో ఒకచోట మాత్రం విరగకుండా, కొంచెం ముదురు రంగులో, ప్రశాంతంగా కనబడితే అక్కడికి వెళ్లవద్దు. కెరటాలు తోసుకొచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోవడానికి చేసుకున్న దారి అది. కొత్తవాళ్లు సరిగ్గా ఆ నిదానమైన చోటునే ఎంచుకుంటారు. ఆ లాగుడు గట్టిగా ఈదేవాడికంటే వేగంగా ఉండగలదు. రాళ్ల పక్కన కూడా ఇలాంటి దారులు పడతాయి.

చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదవద్దు. కాలువలో ఈదినవాళ్లు చేసే తప్పు ఇదే, బలం అయిపోయి మునుగుతారు. వెల్లకిలా తేలి, చేయి ఎత్తి పిలవాలి. ఈదగలిగితే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. ఆ దారి సాధారణంగా ఇరుకుగా ఉంటుంది, అది దాటాక కెరటాలే ఒడ్డుకు తోస్తాయి. బయట ఉన్నవాళ్లు చేతులు పట్టుకుని గొలుసుగా దిగితే గొలుసంతా పోతుంది. మూత బిగించిన పెద్ద ఖాళీ నీళ్ల డబ్బా విసరండి, మనిషి తేలడానికి అది సాయపడుతుంది. వెంటనే దగ్గర్లోని గజ ఈతగాళ్లను, జాలర్లను కేకేసి, 112కు ఫోను చేయండి. తీర రక్షక పోలీసుల నంబరు 1093, అంబులెన్సుకు 108.

ఇంట్లో అందరూ ఒప్పుకోవాల్సిన నియమాలు ఇవి:

- పిల్లలకు మోకాలు, పెద్దలకు తొడ. అంతకు మించి లోతు లేదు.
- ఇద్దరు పిల్లలకు ఒక పెద్ద చాలరు. ఒక్కో పిల్లకు ఒక్కో పెద్ద, చేయి అందేంత దూరంలో, ఫోను సంచిలో.
- సముద్రానికి వీపు పెట్టి ఫొటో దిగకూడదు. పెద్ద కెరటం చెప్పి రాదు.
- పిల్లలకు నారింజ, ఎరుపు, పసుపు బట్టలు. నీలం, తెలుపు నీళ్లలో కలిసిపోతాయి.
- ఇసుకలో గుంట తవ్వితే పిల్ల మోకాలి లోతు వరకే. తడి ఇసుక గోడ ఒక్కసారిగా కూలితే పైకి లాగడం కష్టం.

చీర కట్టుకున్నవాళ్లకు చెప్పేదొకటి. తడిసిన కుచ్చిళ్లు కాళ్లకు చుట్టుకుని, వెనక్కి పోయే నీటితో పాటు మనిషిని పడేస్తాయి. నీళ్లలోకి దిగేట్టయితే చుడీదారో, నైలాన్ చీర మోకాలి పైకి దోపుకునో రండి. గొలుసులు, మెట్టెలు గదిలో పెట్టండి. చల్లటి నీళ్లలో వేళ్లు కొంచెం సన్నబడి ఉంగరాలు జారిపోతాయి.

జెల్లీచేప తగిలితే చర్మం మంటెత్తుతుంది. రుద్దవద్దు, మంచినీళ్లు పోయవద్దు. సముద్రపు నీళ్లతోనే కడిగి, తోకలు అంటుకుని ఉంటే ఏదైనా కార్డు అంచుతో తీయండి. ఊపిరి ఆడకపోతే ఆసుపత్రికే. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. బతికున్నా చచ్చినా ముట్టుకోవద్దు, టార్చి వెయ్యవద్దు. పిల్లలకు అది చూపించే భాగ్యం కలిగితే దూరం నుంచే చూపించండి.

మనసారా స్నానం చేయాలనుకునేవాళ్లు ఆర్కే బీచ్ వదిలి ఇంకా ఉత్తరాన ఉన్న రుషికొండ బీచ్‌కు వెళ్లండి. శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపును 2020లో పొందిన ఒడ్డు అది. దుస్తులు మార్చుకునే గదులు, షవర్లు, గజ ఈతగాళ్లు ఉన్నారు. వాళ్లు చూపిన హద్దులోనే ఉండాలి.

ఇసుక వదిలించుకోవడం

తడి కాళ్లకు ఇసుక దులపబోతే గీసుకుపోతుంది తప్ప రాలదు. ముందు తువాలుతో తడి అద్ది, పైన టాల్కం పౌడరు చల్లి తుడిస్తే పొడి ఇసుకలా రాలిపోతుంది. సముద్రపు నీటితో తడిసిన బట్టలు ఎంత ఆరినా జిగటగానే ఉంటాయి, ఎందుకంటే అందులోని ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. గదికి రాగానే మంచినీళ్లలో రెండుసార్లు జాడించి ఆరవేయండి. లేకపోతే తిరుగు రైల్లో సంచంతా ముక్కిపోతుంది. స్నానాల గది కాలువలోకి ఇసుక పోనివ్వకుండా బట్టలు బయట బకెట్టులో జాడించండి. ఫోను ఛార్జింగు రంధ్రంలో తడి ఉంటే ఆరేదాకా ఛార్జరు పెట్టవద్దు. కళ్లద్దాలను పొడిగా తుడిస్తే ఉప్పు రేణువులు గీతలు పెడతాయి, నీళ్లతో కడగాలి.

ఒడ్డున చెత్త వేయకుండా రెండు సంచులు తీసుకెళ్లండి, ఒకటి తడి బట్టలకు, ఒకటి చెత్తకు. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ చెంచాలు, పళ్లేలు, స్ట్రాలపై దేశమంతా నిషేధం ఉంది. ఇంటి నుంచి స్టీలు గ్లాసులు, పళ్లేలు తెచ్చుకోవడమే మేలు.

మిగిలిన పూట

వుడా పార్కు నుంచి దక్షిణంగా కొద్ది దూరంలోనే ఐఎన్ఎస్ కుర్సురా ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పాల్గొని, 2001లో విరమించిన ఈ జలాంతర్గామి 2002 నుంచి ఒడ్డున మ్యూజియంగా ఉంది. పొడవు 91 మీటర్లకు పైనే, కానీ లోపల దారి మాత్రం మనిషి పట్టేంతే. ఇరుకులో గాభరాపడేవాళ్లు, మోకాలి శస్త్రచికిత్స అయినవాళ్లు బయటే ఆగడం మంచిది. వాళ్లు ఎదురుగా ఉన్న టీయూ-142 నౌకాదళ విమానాన్ని కింద నుంచి చూస్తూ కూర్చోవచ్చు. తెరిచే వేళలు రోజును బట్టి మారతాయి, కాబట్టి ముందు రోజు సాయంత్రం పార్కుకు వెళ్లేటప్పుడే టికెట్టు కౌంటరు దగ్గర అడిగి పెట్టుకోండి.

రైలు రాత్రికి ఉంటే సాయంత్రం 4కు తెన్నేటి పార్కుకు వెళ్లి పైనుంచి సముద్రం చూసుకుని రావచ్చు. రాళ్ల మీదికి పిల్లలను దించవద్దు, నాచు పట్టిన రాయి పొడిగా కనిపించినా జారుతుంది. స్టేషనుకు గంటన్నర ముందే బయల్దేరండి. సాయంత్రం బీచ్ రోడ్డు నుంచి ఊళ్లోకి రావడానికి పొద్దున పట్టినదానికి రెట్టింపు సమయం పడుతుంది. బీచ్ దగ్గర ఆటో ఎక్కేముందు సంచులు ఒక్కసారి తెరిచి చూడండి. పిల్లలు ఏరుకున్న గవ్వల్లో ఏదైనా ఒకటి ఇంకా కదులుతుంటే, అది ప్రాణమున్నది. దాన్ని ఒడ్డునే, నీటి అంచున వదిలేసి రావాలి. అందుకే గవ్వలు వెతికే పని స్టేషనులో కాదు, బీచ్ దాటకముందే చేయాలి.